నీళ్లు తప్ప ఏం పొయ్యలే

కురుమయ్య కారు ట్రాక్టరు వెనక తాడు కట్టించుకుని నాలుగోసారి తన షెడ్డు ముందు ఆగేసరికి దామోదర్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలోని పానాను నేలకేసి కొట్టాడు. కొట్టిన పానాను మళ్లీ తనే వంగి తీసుకోవాలని గుర్తొచ్చి ఇంకా మండింది.

మక్తల్‌లో రాయచూరు రోడ్డు మీద పద్దెనిమిదేళ్లుగా షెడ్డు నడుపుతున్నాడు దామోదర్. ఇంజను చప్పుడు విని రోగం చెబుతాడని చుట్టుపక్కల ఊళ్లలో పేరు. ఆ పేరంతా ఈ పద్నాలుగేళ్ల తెల్ల డీజిలు కారు పుణ్యమా అని మంటగలిసేలా ఉంది. నెలన్నరలో ఇది నాలుగో రాక. మొదటిసారి నీళ్లు కారుతున్నాయంటే పైపు మార్చాడు. రెండోసారి రేడియేటరు మూత మార్చాడు. మూడోసారి సెన్సరు మార్చాడు. మార్చిన ప్రతిసారీ కారు బుద్ధిమంతురాలిలా వెళ్లేది, పది పన్నెండు రోజులు తిరిగేది, ఆ తర్వాత మరికల్ దగ్గరో దేవరకద్ర దగ్గరో పొగలు కక్కి రోడ్డు పక్కన కూలబడేది.

పైపులతో, మూతలతో దామోదర్‌కు పేచీ లేదు. అవి కంటికి కనబడే వస్తువులు. ఆయన ఒళ్లు మండేది సెన్సరు మీద. ఇంజను ఎంత వేడెక్కిందో కనిపెట్టి కారులోని కంప్యూటరుకు చెప్పాల్సింది ఆ వేలెడంత సెన్సరు. అది వేడెక్కిందని చెబితేనే ఫ్యాను తిరుగుతుంది. ఈ కారులోని సెన్సరేమో పచ్చి అబద్ధాలకోరు. ఇంజను కుతకుతా ఉడుకుతుంటే చల్లగానే ఉందని చెబుతుంది. ఆ మాట నమ్మి ఫ్యాను నిద్రపోతుంది. సెన్సరు చెడిందని, కారు కంప్యూటరును చదివే దామోదర్ స్కానరు కూడా అంటోంది. మార్చిన కొత్తది కూడా పది రోజులకే చెడిందని మళ్లీ అదే స్కానరు అంటోంది.

"డూప్లికేట్ మాలు అంటగట్టినవా నాకు?" అని మహబూబ్‌నగర్‌లో స్పేర్ పార్టులు అమ్మే నాగేందర్ మీద ఫోన్లో విరుచుకుపడ్డాడు.

"ఊరందరికి పనిచేసే సెన్సరు నీ ఒక్కని చేతుల్నే పాడైతాందంటే, చూసుకోవాల్సింది సెన్సరునా, చేతినా?" అన్నాడు నాగేందర్. దామోదర్ ఫోను పెట్టేశాడు.

కారు దిగిన కురుమయ్యకు యాభై అయిదేళ్లు ఉంటాయి. మక్తల్ పక్క పల్లెలో గొర్రెలు కాసుకునే మనిషి. మందలో సగం అమ్మి ఈ కారు కొన్నాడు. ఆ వయసులో డ్రైవింగు నేర్చుకున్నాడు. కారును కూడా మందను తోలినట్టే నెమ్మదిగా, మాటిమాటికీ హారను కొడుతూ అదిలిస్తూ నడుపుతాడు. ఇదంతా షోకుకు కాదు. ఆయన భార్య లక్ష్మీనర్సమ్మకు రెండేళ్ల కింద కిడ్నీలు పాడయ్యాయి. ప్రతి మంగళవారం, శుక్రవారం మహబూబ్‌నగర్ దవాఖానలో నాలుగు గంటలు మిషను మీద పడుకుని రక్తం శుద్ధి చేయించుకోవాలి. మొదట్లో బస్సులోనే పోయి వచ్చేవాళ్లు. తిరుగు ప్రయాణంలో బస్టాండులో ఆమె రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయాక కురుమయ్య గొర్రెలు అమ్మాడు.

మొన్న మంగళవారం కారు మరికల్ దగ్గర ఆగిపోయింది. దారినపోయే జీపును బతిమాలి ఎక్కి వెళ్లేసరికి సగం పొద్దు పోయింది. నాలుగు గంటలు ఎక్కాల్సిన ఆమెకు రెండు గంటలే దొరికాయి. కారు అక్కడే రోడ్డు మీద ఉండిపోయింది, ఇవాళ ట్రాక్టరు దొరికితే లాక్కొచ్చారు. ఆ సగం సగం వైద్యానికి లక్ష్మీనర్సమ్మ కాళ్లు మొద్దుల్లా వాచాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. శుక్రవారం ఉదయం ఏడింటికి మిషను మీద ఉండాల్సిందే, ఈసారి తప్పితే ప్రాణానికే ముప్పని దవాఖానవాళ్లు గట్టిగా చెప్పారు. శుక్రవారం అంటే రేపే.

"కిరాయి కారు మాట్లాడుకోపోయినవా కాకా?" అన్నాడు దామోదర్.

"మాట్లాడక ఉంటనా మేస్త్రీ? రేపు లగ్గాలున్నయంట. మక్తల్ల ఉన్న బండ్లన్ని పెండ్లిండ్లకే పోతున్నయి."

దామోదర్ బోనెట్ ఎత్తాడు. సెన్సరు విప్పి తీశాడు. దాని మొనకు పచ్చపచ్చగా, బురదబురదగా ఏదో పట్టి ఉంది. పోయినసారి తీసినప్పుడూ ఇలాగే ఉంది. దాన్ని కురుమయ్య ముక్కు ముందు పెట్టాడు.

"నిజం చెప్పు కాకా. దీంట్ల ఏం పోస్తున్నరు?"

"నీళ్లే మేస్త్రీ. నువ్వు చెప్పినట్టె ఫిల్టరు నీళ్లు."

"గిది ఫిల్టరు నీళ్లకు పట్టే మట్టేనా? బోరు నీళ్ల సున్నం గిది, తుప్పు గిది. నేను పోసిన కూలెంటు యాడ పాయె? ఇంకేమన్న పోసిన్రా?"

"బీరప్ప మీద ఒట్టు. ఫిల్టరు నీళ్లు తప్ప ఇంకోటి పొయ్యలే."

"ఒట్లు పెడితే ఇంజను సల్లవడదు కాకా! డాక్టరు దగ్గర, వకీలు దగ్గర నిజం దాచొద్దంటరు. మెకానిక్కు దగ్గర మాత్రం దాచుమన్నరా? పోయినసారి అడిగిన, అంతకుముందు అడిగిన. అన్నిసార్లు గదే మాట."

అప్పటిదాకా షెడ్డు నీడలో పాత టైరు మీద కూర్చున్న లక్ష్మీనర్సమ్మ ఊపిరి కూడదీసుకుని అంది. "నీళ్లు తప్ప ఏం పొయ్యలే బిడ్డా. ఆయన అబద్ధం చెప్పే మనిషి గాదు."

"అయితే నేను చెప్తున్ననా చిన్నమ్మా అబద్ధం? గీ సెన్సరు చెప్తాందా?"

కురుమయ్య మొహం మాడిపోయింది. కులదైవం మీద ఒట్టు పెట్టిన మనిషిని పట్టుకుని అబద్ధాలకోరన్నట్టే కదా. తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లి రోడ్డు పక్కన వీపు చూపించి నిలబడ్డాడు. తప్పు మాట అన్నానని దామోదర్‌కు తెలుస్తూనే ఉంది. కోపంలో ఉన్నవాడికి తెలిసినంత మాత్రాన ఒరిగేదేముంది? పళ్లు నూరుకుంటూ పనిలో పడ్డాడు.

కొత్త సెన్సరు బిగించాడు. నీళ్లు, ఇంజనును చల్లబరిచే కూలెంటు నింపి, లోపలికి గాలి కొట్టి ఒత్తిడి పెట్టాడు. కారే చోటు ఎక్కడున్నా ఆ ఒత్తిడికి బయటపడి తీరాలి. టార్చిలైటు పట్టుకుని కారు కింద వెల్లకిలా పడుకుని ముప్పావుగంట చూశాడు. ఒక్క చుక్క రాలలేదు. నీళ్లు పోతున్నాయి, ఎటు పోతున్నాయో ఇంజనుకూ చెప్పడం రాదు, తనకూ తెలియడం లేదు. ఇంజను నడిపి చూశాడు. వేడి చూపే ముల్లు సగానికి ఎక్కింది, ఫ్యాను తిరిగింది, అంతా లక్షణంగా ఉంది. పోయినసారీ ఇంత లక్షణంగానే ఉంది! రోగం ఉన్నచోట రోగం కనబడకపోతే వైద్యుడికి పిచ్చెక్కక ఏమవుతుంది? తన పద్దెనిమిదేళ్ల పని మీద తనకే రోత పుట్టింది.

ఇంజను ఆపి, కాస్త చల్లారనిచ్చి, లోపలి గాలి పోవడానికి కూలెంటు డబ్బా మూత తీసి పెట్టి, రోడ్డు దాటి హోటలుకు వెళ్లాడు. ఒక చాయ్ తాగాడు. తల కాస్త నెమ్మదించింది. కురుమయ్యకు ఒకటి, ఆమెకు ఒకటి చాయ్ పట్టుకుని తిరిగొచ్చేసరికి లక్ష్మీనర్సమ్మ కారు ముందు నిలబడి ఉంది. కొంగుముడి విప్పింది. వేళ్లతో ఏదో పట్టి, కళ్లు మూసుకుని, పెదాలు కదిలిస్తూ కూలెంటు డబ్బాలో వేసింది. వేళ్లకు అంటుకున్నది పుస్తెలకు రాసుకుంది.

దామోదర్ చేతిలోని చాయ్ గ్లాసులు రెండూ ఒలికిపోయాయి.

"చిన్నమ్మా! ఏందది?"

"పసుపు బిడ్డా."

"పసుపా!" ఆ కేకకు రోడ్డవతల హోటల్లో ఉన్నవాళ్లు లేచి చూశారు. "నెలన్నర సంది మొత్తుకుంటున్న గదా! ఏమన్న పోసిన్రా, ఏమన్న పోసిన్రా అని ఎన్నిసార్లు అడిగిన?"

ఆమె బెదరలేదు. అర్థంకాక చూసింది. "పోసిన్రా అంటివి. నీళ్లు తప్ప ఏం పొయ్యలే అన్నం. చిటికెడు పసుపు ఎవరన్న పోస్తరా బిడ్డా? ఏస్తరు గాని."

ఆమె అన్నదాంట్లో తప్పెక్కడుంది? నీళ్లు పోస్తారు. నూనె పోస్తారు. పసుపు వేస్తారు. ఈ తెలుగు దామోదర్‌కు తెలియనిదా? ఇంట్లో రోజూ వినేదే. పోసిన్రా అని తొమ్మిదిసార్లు అడిగినవాడికి, ఏసిన్రా అని ఒక్కసారి అడగాలని తోచలేదు.

"ఎవరు చెప్పిన్రు నీకు పసుపు ఎయ్యమని?"

"లారీ డ్రైవరు. మొదలు దేవరకద్ర కాడ ఆగినప్పుడు ఆయనే పసుపు ఏసి నీళ్లు పోసిండు. నీళ్లు కారుడు బందయింది. ఏడిటికల్ల దవాఖానకు చేరినం. గప్పటిసంది పయనం పోయిన్నాడల్ల ఇంత ఏస్తున్న. దెబ్బ తాకితె పసుపు పెడతం గదా. దానికి గూడ మంచిదేనాయె."

ఆ లారీ డ్రైవరును తిడదామని నోటిదాకా వచ్చి ఆగింది. తిడితే ముందు తనను తాను తిట్టుకోవాలి. ఇరవై ఏళ్ల కింద లారీల మీద పని నేర్చుకునేటప్పుడు ఉస్తాదు చెప్పగా తానూ ఎన్ని రేడియేటర్లలో పసుపు వేయలేదు! వేడికి పసుపు ఉబ్బి, ముద్దకట్టి, సన్నని చిల్లిని మూసేస్తుంది. ఆ లారీలకు సెన్సర్లు లేవు, వాటికి చెల్లింది. ఈ కారులో అదే ముద్ద సెన్సరు మొనకు పట్టి దాని కళ్లు మూసింది. మరోపక్క చిల్లికి అడ్డం పడి, తాను వెతికిన ప్రతిసారీ ఆ చిల్లిని తన నుంచే దాచిపెట్టింది. పాపం సెన్సరూ అబద్ధం చెప్పలేదు, దానికి తెలిసిందే చెప్పింది. నాగేందర్ మోసం చేయలేదు. అందరూ నిజమే చెప్పారు, వినడం చేతకానివాడు తనొక్కడే.

రోడ్డు పక్కన నిలబడ్డ కురుమయ్య దగ్గరకు వెళ్లాడు. "కాకా, నువ్వు అబద్ధం చెప్పలే."

"చెప్పలేదనే చెప్పిన గద," అన్నాడు కురుమయ్య, తల తిప్పకుండానే.

"నాదే తప్పు. జర మనసుల పెట్టుకోకు."

కురుమయ్య తువ్వాలుతో మొహం తుడుచుకుని, "ఆమె రేపు పోవాలె మేస్త్రీ. నా మనసు సంగతి తర్వాత," అన్నాడు.

దామోదర్ నీళ్ల పైపు తెచ్చి ఇంజనును కడగడం మొదలుపెట్టాడు. పోసిన నీళ్లు పోసినట్టే పెళ్లికొడుకు నలుగు స్నానం నీళ్లలా పచ్చగా బయటికొచ్చాయి. ఏడోసారికి తెల్లబడ్డాయి. మళ్లీ నింపి, గాలి కొట్టి, కారు కింద పడుకున్నాడు. రెండు నిమిషాలు కూడా కాలేదు, ఇంజనులో నీళ్లు తిప్పే వాటర్ పంపు అడుగునున్న సన్నని రంధ్రం నుంచి ఒక చుక్క జారి ఆయన చెంప మీద పడింది. తర్వాత ఇంకొకటి. నెలన్నరగా వెతుకుతున్న దొంగ దొరికినందుకు సంతోషించాలో, ఈ దొంగ మొదటి రోజే దొరకాల్సిందని ఏడవాలో తెలియలేదు.

పంపు మార్చాలి. ఆ పాత కారు పంపు మక్తల్‌లో లేదు, రాయచూరులో అడిగిస్తే లేదన్నారు. నాగేందర్‌కే ఫోను చేయాల్సి వచ్చింది. పసుపు కథ చెబితే అవతల నుంచి నవ్వు ఆగలేదు. దామోదర్ పళ్లబిగువున విన్నాడు. నవ్వు అయ్యాక నాగేందర్, "పంపు ఉంది. రేపు పొద్దుగాల దవాఖాన కాడికి తెచ్చిస్త, ఫికర్ చెయ్యకు," అన్నాడు.

పంపు మహబూబ్‌నగర్‌లో, కారు మక్తల్‌లో. నడుమ అరవై కిలోమీటర్లు. కారే పాత పంపుతోనే ఆ దూరం పోవాలి.

"నేనే నడుపుత కాకా," అన్నాడు దామోదర్.

తెల్లవారుజామున బయలుదేరారు. సెన్సరు చెప్పే వరకు ఆగే పని లేకుండా ఫ్యానుకు బ్యాటరీ నుంచి నేరుగా వైరు కలిపాడు, బండి కదిలితే ఫ్యాను తిరగాల్సిందే. లోపల ఒత్తిడి పెరిగి నీళ్లు ఎగజిమ్మకుండా డబ్బా మూత ఒక చుట్టు వదులుగా పెట్టాడు. డిక్కీలో ఆరు క్యాన్ల నీళ్లు పెట్టాడు. ముందు సీట్లో కురుమయ్య, వెనక లక్ష్మీనర్సమ్మ. ఎనిమిది కిలోమీటర్లు పోవడం, ఆపడం, బోనెట్ ఎత్తడం, నీళ్లు పోయడం, మళ్లీ ఎనిమిది కిలోమీటర్లు. ఆగిన ప్రతిసారీ దామోదర్ గడియారం చూసుకుని తనలో తాను తిట్టుకున్నాడు. పసుపును తిట్టాడు, పంపును తిట్టాడు, మరికల్ దాటాక రోడ్డుకు అడ్డం పడ్డ గొర్రెల మందను నోరారా తిట్టాడు. కురుమయ్య కారు దిగి ఏదో కూత కూశాడు. తనది కాని మంద అది, అయినా రెండు నిమిషాల్లో రోడ్డు ఖాళీ చేసింది.

వెనక సీట్లో ఆయాసం పెరుగుతోంది. ఆమె మాట్లాడటం మానేసి కిటికీకి తల ఆనించింది. దేవరకద్ర దగ్గర ఆపినప్పుడు దామోదర్ క్యానెత్తి డబ్బాలో పోసి, మిగిలినవి తాను తాగబోతూ కిటికీ అద్దంలోంచి ఆమె చూపు చూశాడు. ఆమె చూస్తున్నది తనను కాదు, నీళ్లను.

"దినానికి రెండు గ్లాసులే తాగాలె ఆమె," అని కురుమయ్య మెల్లగా చెప్పాడు. "చాయైనా, చారైనా, అన్ని అండ్లనే."

దామోదర్ తాగకుండానే క్యాను మూత బిగించాడు. నిన్న తాను పట్టుకొచ్చిన చాయ్ ఒలికిపోవడమే నయమైంది. మళ్లీ బండి కదిలాక కురుమయ్య జేబులోంచి ఫోను తీసి సిగ్నలు చూసుకుని మళ్లీ పెట్టుకున్నాడు. దారి పొడుగునా అదే పని.

"ఎవరన్న చెయ్యాల్నా కాకా?"

"ఆమెకు కొత్త కిడ్నీ కోసం పేరు రాయించినం. దొరికితె ఫోను చేస్తమన్నరు. ఏడాదిన్నరాయె. ఎప్పుడొస్తదో ఏమో అని బందు చెయ్య."

ఏడింటికి పది నిమిషాలుందనగా కారు దవాఖాన గేట్లోకి వెళ్లింది. ఆరో క్యాను అప్పటికే అడుగంటింది. కురుమయ్య ఆమెను పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు. అద్దాల తలుపు అవతల ఆమెను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టడం కనిపించాక దామోదర్ స్టీరింగు మీద తల పెట్టుకుని కాసేపు కళ్లు మూసుకున్నాడు.

నాగేందర్ పంపు తెచ్చిచ్చాడు. ఒకటి రెండు ఎకసెక్కాలు ఆడి, దామోదర్ మొహం చూసి ఊరుకున్నాడు. ప్రహరీ గోడ నీడలో దామోదర్ పని మొదలుపెట్టాడు. లోపల ఆమెకు నాలుగు గంటలు, బయట కారుకు నాలుగు గంటలు. తుప్పు పట్టిన బోల్టు ఒకటి తిరగనని మొండికేస్తే దానితోనే అరగంట పోట్లాడాడు. బెల్టు విప్పి, పాత పంపు ఊడదీసి, కొత్తది బిగించి, కూలెంటు నింపి, ఫ్యాను వైరు మళ్లీ పాత చోటే కలిపి ఇంజను నడిపాడు. ముల్లు సగం దాకా ఎక్కి నిలబడింది. ఫ్యాను దానంతట అదే తిరిగింది, దానంతట అదే ఆగింది. కింద నేల మీద చుక్క తడి లేదు. నెలన్నర తర్వాత మొదటిసారి ఈ కారు విషయంలో ఆయనకు అనుమానం కలగలేదు.

పదకొండున్నరకు కురుమయ్య ఆమెను నడిపించుకుంటూ వచ్చాడు. మొహం తేటగా ఉంది గాని ఒంట్లో సత్తువ లేదు, చేతికి దూది అంటించి ప్లాస్టరు వేశారు. కారు దగ్గర ఆగి బోనెట్ మీద చేయి పెట్టింది.

"మానిందా బిడ్డా?"

"మానింది చిన్నమ్మా," అన్నాడు దామోదర్. చాలా రోజుల తర్వాత గొంతులో హుషారు వచ్చింది. "ఇగ పసుపు వద్దు, ఏమొద్దు. పాడైంది తీసేసి కొత్తది ఏసిన."

గోడ పక్కన పడి ఉన్న పాత పంపును ఆమె చూసింది.

"దానికి దొరికింది," అంది. ఏడుపూ లేదు, నిష్ఠూరమూ లేదు. మంచి జరిగిన ఇంటి సంగతి చెప్పినట్టే అంది. తర్వాత వెనక తలుపు తీసుకుని, కాళ్లు ఒక్కొక్కటే ఎత్తి లోపల పెట్టుకుని కూర్చుంది.

దామోదర్‌కు మళ్లీ కోపం ముంచుకొచ్చింది. నెలన్నరగా సెన్సరు మీద, నాగేందర్ మీద, కురుమయ్య మీద, పసుపు మీద ఎవరో ఒకరి మీద కోప్పడుతూనే ఉన్నాడు. ఈసారి వచ్చిన కోపాన్ని ఎవరి మీద వేయాలో ఆయనకు తెలియలేదు.